చీకటి చూపును కాపాడే దీపం ఏ రంగుది?

దీపాల వెలుగు పెరగడమే ప్రగతికి గుర్తుగా భావిస్తున్న కాలంలో, చీకటిని కాపాడేందుకని ఒక ప్రాంతాన్ని ప్రత్యేకంగా ప్రకటించడం, అక్కడ రాత్రివేళ ఎటువంటి దీపం వెలిగించాలో, ఎంతవరకు వెలిగించాలో నిర్దేశించడం కొంత వింతగానే తోచవచ్చు. లడఖ్‌లో వాస్తవాధీన రేఖకు చేరువలో ఉన్న హాన్లే విషయంలో జరిగింది అదే. హాన్లేను, దాని చుట్టూ ఉన్న మొత్తం 1,073 చదరపు కిలోమీటర్ల భూభాగాన్ని లడఖ్ కేంద్రపాలిత ప్రాంత యంత్రాంగం 2022 డిసెంబర్‌లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. దేశంలో ఈ తరహా రక్షిత ప్రాంతం ఇదే మొదటిది. అదే ఏడాది జూన్‌లో లడఖ్ యంత్రాంగం, లేహ్ స్వయంప్రతిపత్తి పర్వతాభివృద్ధి మండలి, బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థ కలసి ఇందుకు ఒప్పందం కుదుర్చుకున్నాయి.

ఇక్కడ ఇళ్ళ కిటికీలకు మందపాటి తెరలు వేసుకోవాలి. ఆరుబయటి దీపాలకు వెలుగు నేలకు మాత్రమే పడేలా పైన మూత ఉండాలి. తెల్లని దీపాలకు బదులు పసుపు ఛాయ గల దీపాలు వాడాలి. రాత్రిపూట వచ్చే వాహనాలు హెడ్‌లైట్లను డిమ్ చేసుకోవాలి. ఇక నక్షత్రాలు చూసేందుకు జనం గుమికూడే చోట ఎవరి చేతిలోనైనా దీపమంటూ ఉంటే అది మసకగా వెలిగే ఎర్రదీపమే అయి ఉండాలి. కొత్తగా వచ్చిన యాత్రికులకు ఈ చివరి నియమం ఒక పట్టాన అర్థం కాదు. తెల్లని టార్చిలైటును ఒక్కసారి వెలిగించి ఆర్పితే కొంపలేం మునిగిపోతాయన్నది వారి ప్రశ్న. ఈ ప్రశ్నకు సమాధానం ఆకాశంలో కంటే మన కంటిలోనే ఎక్కువగా ఉంది.

అరగంట కష్టం, ఒక్క క్షణంలో నష్టం

కంటి వెనుక గోడకు పరచుకుని ఉన్న నేత్రపటలంలో వెలుగును గుర్తించే కణాలు ప్రధానంగా రెండు రకాలు. పగటి వెలుగులో పనిచేసి రంగులను, సూక్ష్మమైన వివరాలను చూపించేవి శంకుకణాలు. ఇవి సుమారు 60 లక్షలు. మసక చీకటిలో పనిచేసేవి దండకణాలు. వీటి సంఖ్య దాదాపు 12 కోట్లు. వీటికి రంగులు తెలియవు. చీకట్లో పిల్లులన్నీ ఒకే రంగులో కనిపించడానికి కారణం ఇదే.

వెలుగులో నుంచి చీకటిలోకి వెళ్ళినప్పుడు మొదట ఏమీ కనిపించకపోవడం, కాసేపటికి వస్తువులు లీలగా పోల్చుకోవడం అందరికీ అనుభవమే. సినిమా మొదలైన తర్వాత హాల్లోకి వెళ్ళి తడుముకుంటూ సీటు వెతుక్కున్న ప్రతివారికీ ఇది తెలుసు. కంటిపాప పెద్దది కావడం ఇందులో చిన్న భాగం మాత్రమే. అది కొన్ని క్షణాల్లో ముగుస్తుంది. అసలు పని దండకణాల్లోని రొడాప్సిన్ అనే రసాయనానిది. వెలుగు తగిలితే ఇది విచ్ఛిన్నమవుతుంది, చీకటిలో మెల్లమెల్లగా తిరిగి కూడుకుంటుంది. శంకుకణాలు పది నిమిషాల లోపే చీకటికి అలవాటు పడి తమ పరిమితికి చేరుకుంటాయి. దండకణాలు పూర్తి శక్తిని పుంజుకోవడానికి 30 నుంచి 40 నిమిషాలు పడుతుంది. అంతా పూర్తయ్యేసరికి కంటికి వెలుగును పసిగట్టే శక్తి లక్ష రెట్లకు మించి పెరుగుతుంది. ఇంత ఓపికగా కూడబెట్టుకున్నది తీక్షణమైన తెల్లని వెలుగు ఒకటి రెండు క్షణాలు కంట్లో పడితే చాలు, చాలా వరకు చేజారిపోతుంది. మళ్ళీ మొదటి నుంచి ఎదురుచూడవలసిందే. హాన్లేలో పక్కవాడి టార్చి వెలిగితే పది మంది నిట్టూర్చడంలోని అంతరార్థం ఇది.

రొడాప్సిన్ తయారీకి ఎ విటమిన్ అవసరం. అది లోపించినవారికి సంధ్య వాలగానే చూపు మందగిస్తుంది. దీనినే మనవారు రేచీకటి అన్నారు. పసిపిల్లలకు ఆరు నెలలకొకసారి ఎ విటమిన్ చుక్కలు వేసే జాతీయ కార్యక్రమం 1970లో ప్రారంభం కావడానికి ఆధారమైన అధ్యయనాలు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగాయి. ఆహారంలో లోపం ఉన్నవారికి దీపం రంగు మార్చినంత మాత్రాన ఒరిగేది ఏమీ లేదన్నది వేరే చెప్పనక్కరలేదు.

మందారం ముందు నల్లబడుతుంది

రంగు సంగతికి వస్తే, దండకణాలు అన్ని రంగుల వెలుగుకూ ఒకే విధంగా స్పందించవు. నీలం, ఆకుపచ్చ కలిసే చోట, అంటే సుమారు 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద వాటి స్పందన అత్యధికం. పసుపు దాటి నారింజ వైపు వెళ్ళేకొద్దీ అది వేగంగా పడిపోతుంది. 650 నానోమీటర్ల ముదురు ఎరుపు వద్ద అది గరిష్ఠ స్థాయిలో వెయ్యో వంతు కూడా ఉండదు. ఒక్కమాటలో చెప్పాలంటే దండకణాలకు ముదురు ఎరుపు దాదాపు కనిపించదు. కనిపించని వెలుగు వాటిని చెరపదు. శంకుకణాల్లో కొన్నింటికి మాత్రం ఆ ఎరుపు కనిపిస్తుంది. కనుక ఎర్రదీపం వెలుగులో శంకుకణాలతో కాగితం చదువుకోవచ్చు, దండకణాలను చీకటికే వదిలివేయవచ్చు.

ఇందుకు ప్రయోగశాల అక్కరలేదు. పెరట్లో మందారం, దాని పక్కన నీలి శంఖుపుష్పం ఉన్నవారు సాయంసంధ్యలో ఓ పావుగంట గమనిస్తే చాలు. పగలు కొట్టొచ్చినట్లు కనిపించిన మందారం ముందుగా నల్లబడిపోతుంది. శంఖుపుష్పం, ఆకులు మాత్రం ఇంకా కొంతసేపు తేటగా అగుపిస్తాయి. చూపు శంకుకణాల నుంచి దండకణాలకు చేతులు మారడమే ఇందుకు కారణం. చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే 19వ శతాబ్దం తొలి పాదంలో పూల రంగుల్లోని ఈ మార్పును గమనించి నమోదు చేశాడు. నేటికీ దీనిని ఆయన పేరుతోనే వ్యవహరిస్తున్నారు.

వెనుకటి తరం పత్రికా కార్యాలయాల్లో ఫొటోలు కడిగే చీకటి గదిలో ఎర్రబల్బు వెలుగుతూ ఉండేది. అది ఫొటోగ్రాఫర్ కళ్ళ కోసం కాదు. ఫొటో ముద్రించే బ్రోమైడ్ కాగితానికి ఎరుపు సోకదు కనుక. కారణం వేరైనా తర్కం ఒకటే. దేనిని కాపాడుకోవాలో దానికి కనిపించని రంగు దీపాన్ని ఎంచుకోవడమే.

ఎక్స్‌రే గది నుంచి యుద్ధరంగానికి

ఈ సూత్రాన్ని మొదట వాడుకున్నవారు వైద్యులు. ఎక్స్‌రే తెరమీద కదిలే బొమ్మ పూర్వం ఎంతో మసకగా ఉండేది. దానిని చూడాలంటే వైద్యుడు ముందుగా అరగంట చీకటి గదిలో కూర్చోవలసి వచ్చేది. 1916లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ట్రెండెలెన్‌బర్గ్ ఎర్ర కళ్ళద్దాలను రూపొందించడంతో ఆ బాధ తప్పింది. అవి ధరించి వెలుతురులోనే పనులు చక్కబెట్టుకుని, గదిలోకి వెళ్ళాక తీసివేస్తే చూపు సిద్ధంగా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రి విమానాలు నడిపే పైలట్లకు ఇదే ఉపాయం అక్కరకు వచ్చింది. జలాంతర్గాముల్లోను, యుద్ధనౌకల వంతెనలపైన ఎర్రదీపాలు ఆనవాయితీగా మారాయి.

ఎరుపు సర్వరోగ నివారిణి మాత్రం కాదు. ఎర్రదీపం కింద తెల్ల కాగితం, దానిపై ఎర్రసిరాతో గీసిన గీత ఒకే తీరుగా కనిపిస్తాయి. పటాల్లో ప్రమాద సూచకంగా ఎరుపును వాడే నావికులకు ఇది ఎంత ప్రమాదకరమో ఊహించుకోవచ్చు. దీనికి తోడు ఎర్రని వెలుగులో దృష్టిని కేంద్రీకరించడం కష్టం. నలభై ఏళ్ళు దాటి చత్వారం వచ్చినవారికి తలనొప్పి అదనం. ఇవన్నీ గమనించిన మీదట 1980వ దశకంలో అమెరికా నౌకాదళ పరిశోధకులు జలాంతర్గాముల్లో ఎరుపుకు బదులు బాగా తగ్గించిన తెల్లని వెలుగు వాడవచ్చని సూచించారు. రంగు కంటే తీక్షణత ముఖ్యమన్నది వారి అనుభవసారం. మితిమీరిన ఎర్రదీపం కంటే మిణుకుమనే తెల్లదీపం చూపుకు తక్కువ చేటు చేస్తుంది. బజారులో దొరికే ఎర్ర టార్చిలు కొన్నింటి వెలుగు చూస్తే ఈ మాట తయారీదారుల చెవిన పడలేదనే అనిపిస్తుంది.

మరో మలుపు కూడా ఉంది. సైనికులు నేడు వాడుతున్న నైట్ విజన్ కళ్ళద్దాలు మసక వెలుగును వేల రెట్లు పెంచి చూపిస్తాయి. వీటి స్పందన మన కంటికి పూర్తిగా విరుద్ధం. ఇవి ఎరుపును, దానిని దాటిన పరారుణ కాంతిని అమితంగా గ్రహిస్తాయి. కాక్‌పిట్‌లో ఎర్రదీపం ఉంటే ఈ కళ్ళద్దాలకు కళ్ళు చెదిరిపోతాయి. అందువల్ల ఇటువంటి విమానాల లోపల నీలి ఆకుపచ్చ రంగు దీపాలు అమర్చుతారు. భారత వైమానిక దళం 2024 మే నెలలో తూర్పు సెక్టార్‌లోని ఒక సరిహద్దు రన్‌వేపై సి-130జె రవాణా విమానాన్ని నైట్ విజన్ కళ్ళద్దాల సాయంతో దించింది. రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్‌ను కాపాడిన ఎరుపే అటువంటి చోట పైలట్‌కు శత్రువు. చూసేది మనిషి కన్నా, యంత్రమా అన్నదానిని బట్టి రంగు మారుతుంది.

తెల్లబడిన వీధులు

ఇదంతా శాస్త్రజ్ఞులకు, సైనికులకు సంబంధించిన వ్యవహారమని సామాన్యులు ఊరుకునే వీలు లేదు. దేశంలో వీధి దీపాలను ఎల్‌ఇడిలుగా మార్చే జాతీయ కార్యక్రమం 2015 జనవరి 5న ప్రారంభమైంది. తదుపరి దశాబ్దంలో ఒక కోటీ 30 లక్షలకు పైగా దీపాలు మారాయి. హుద్‌హుద్ తుపాను తాకిడికి అతలాకుతలమైన విశాఖపట్నం దాదాపు 90 వేల దీపాలను మార్చుకుని ముందు వరుసలో నిలిచింది. పురపాలక సంఘాల విద్యుత్ బిల్లులు తగ్గాయి. ఆ మేలును తక్కువ చేసి చెప్పలేము. అయితే నారింజ ఛాయలో వెలిగే పాత సోడియం దీపాల స్థానే వచ్చినవి చాలా చోట్ల చల్లని తెలుపు దీపాలు. వీటి లోపల వెలిగేది నీలి దీపమే. ఆ నీలి ఎల్‌ఇడిని సాధించినందుకే ముగ్గురు జపాన్ జాతి శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. దానిపై పసుపు పూత పూసి తెలుపు రప్పిస్తారు. పూత పలచనైతే వెలుగు నీలి తెలుపుగా, చిక్కనైతే పసుపు తెలుపుగా వస్తుంది. పూత పెరిగితే ఒక్కో యూనిట్ విద్యుత్‌కు వచ్చే వెలుగు కొంత తగ్గుతుంది. టెండర్లలో చల్లని తెలుపు నెగ్గడానికి ఇది ఒక కారణం.

మసక వెలుగులో దండకణాలు కూడా సాయపడతాయి కనుక, రోడ్డు పక్క నుంచి అడ్డువచ్చే పశువునో, పాదచారినో గుర్తించడానికి తెల్లదీపమే మేలని ఇంజినీర్లు వాదిస్తారు. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఆ మేలు దీపం కింద ఉన్నంతసేపే. ఊరు దాటి చివరి స్తంభం వెనుకబడిన మరుక్షణం, అప్పటిదాకా తెల్లని వెలుగు తాగిన కంటికి ముందున్న రోడ్డు కాటుక రాసినట్లు ఉంటుంది. ఎదురుగా తెల్లని ఎల్‌ఇడి హెడ్‌లైట్లతో లారీ వస్తే చెప్పనే అక్కరలేదు. ఒకప్పుడు బస్సుల, లారీల హెడ్‌లైట్ల మీద నల్లరంగు చుక్క పెట్టేవారు. ఎదుటివాడి కళ్ళ మీద ఆ మాత్రం దయ ఉండేది. డ్రైవర్లు ఇటువంటప్పుడు ఎదుటి దీపాల వైపు కాక తమ ఎడమవైపు రోడ్డు అంచును చూస్తూ, వేగం తగ్గించుకుని సాగడం క్షేమం. వయసు మీరి కంటి కటకం మసకబారినవారికి ఈ మిరుమిట్లు మరింత ఎక్కువ.

అమెరికన్ వైద్య సంఘం 2016లో వీధి దీపాల రంగు 3,000 కెల్విన్లకు మించరాదని సూచించింది. కెల్విన్ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపు, పెరిగేకొద్దీ నీలం వైపు మొగ్గుతుంది. ఇంట్లోకి బల్బు కొనేవారు అట్టపెట్టె మీద ఈ అంకెను చూసుకోవచ్చు. 2,700 గాని 3,000 గాని ఉంటే వెచ్చని ఛాయ, 6,500 ఉంటే మంచులాంటి తెలుపు. రాత్రి లేచి మంచినీళ్ళకో, దొడ్లోకో వెళ్ళే ముసలివారి గదిలో నేలకు దగ్గరగా చిన్న పసుపు లేదా ఎర్రదీపం ఉంచితే, పెద్దలైటు వేసి ఆర్పినప్పుడు కళ్ళు చీకట్లు కమ్మి పడిపోయే ప్రమాదం తగ్గుతుంది. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టదలచినవారు రెండు మూడు పొరలు చుట్టాలి. ఒక్క పొర చాలదు.

పారిపోతున్న దూరదర్శినులు

నీలి కాంతికి మరో దుర్గుణం ఉంది. గాలిలోని అణువులు ఎరుపు కంటే నీలాన్ని ఎన్నో రెట్లు అధికంగా చెదరగొడతాయి. పగటి ఆకాశం నీలంగా ఉండడానికి, రాత్రి నగరాల మీద తెల్లని పొగలాంటి కాంతి కమ్ముకోవడానికి కారణం ఒకటే. రాత్రి ఆకాశం వెలుగు ఏటా సగటున 9.6 శాతం పెరుగుతోందని 2023 జనవరిలో 'సైన్స్' పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. ఇందుకు 2011 నుంచి 2022 వరకు నేల మీద నుంచి జనం కళ్ళతో చూసి నమోదు చేసిన వివరాలే ఆధారం. పుట్టిననాడు 250 నక్షత్రాలు కనిపించే చోట, ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి వంద మాత్రమే మిగులుతాయన్నమాట.

ఈ నష్టం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు మారింది. చుట్టూ నగరం పెరగడంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం సుమారు 50 కిలోమీటర్ల అవతల జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శినిని 1968లో నెలకొల్పింది. అప్పట్లో అది అంధకారమైన పల్లె. నగరం వెలుగులు క్రమంగా అక్కడికీ పాకాయి. భారత ఖగోళ భౌతిక శాస్త్రానికి పునాదులు వేసిన వేణు బప్పు బాల్యం నిజామియా వేధశాల నీడనే గడిచింది. ఆయన తండ్రి అక్కడే పనిచేశారు. బప్పు పెద్దయ్యాక చీకటి కోసం తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరును ఎంచుకున్నారు. ఉత్తరాదిన నైనిటాల్‌లోని ఖగోళ సంస్థ సైతం తన 3.6 మీటర్ల దూరదర్శినిని దేవస్థల్‌లో నెలకొల్పి 2016లో ప్రారంభించింది.

ఈ పరుగులో ఎత్తైన మజిలీ హాన్లే. సముద్రమట్టానికి సుమారు 4,500 మీటర్ల ఎత్తున సరస్వతీ పర్వతంపై ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర దూరదర్శిని 2000 సెప్టెంబర్‌లో మొదటిసారి ఆకాశాన్ని చూసింది. దీనిని బెంగళూరు సమీపంలోని హోస్కోటే నుంచి ఉపగ్రహం ద్వారా నడుపుతారు. 2024 అక్టోబర్‌లో ఇక్కడ ప్రారంభమైన 21 మీటర్ల గామా కిరణ దూరదర్శినిని భాభా అణు పరిశోధన కేంద్రం హైదరాబాద్‌లోని ఇసిఐఎల్ తదితర సంస్థల తోడ్పాటుతో నిర్మించింది. గామా కిరణాలు వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే నీలి మెరుపులను ఇది పట్టుకుంటుంది. ఆ మెరుపుల వ్యవధి కొన్ని నానోసెకన్లు మాత్రమే. ఇటువంటి పనికి ఒక్క ట్రక్కు హెడ్‌లైటు కూడా చేటే.

చీకటే జీవనాధారం

హాన్లేలో జడలబర్రెలు, మేకలు మేపుకుని బతికే చాంగ్‌పా కుటుంబాలకు ఈ నియమాలు కేవలం భారంగా పరిణమించి ఉంటే ఎంతోకాలం నిలిచేవి కావు. ఆ సంగతి ముందే గ్రహించి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి 24 మందిని ఎంపిక చేసి ఖగోళ రాయబారులుగా తీర్చిదిద్దారు. వీరిలో మహిళలే ఎక్కువ. వీరికి చిన్న దూరదర్శినులు ఇచ్చి, నక్షత్ర రాశులను గుర్తించడంలో శిక్షణ ఇచ్చారు. పగలు ఇంటిపనులు, పశువుల పని చూసుకునే ఆ ఇల్లాళ్ళు రాత్రివేళ యాత్రికులకు శనిగ్రహ వలయాలను, పాలపుంతను చూపించి రుసుము తీసుకుంటున్నారు. ఇళ్ళలో గదులు అద్దెకిస్తున్నారు. అంటే ఎర్రదీపం నియమం అక్కడ శాస్త్రజ్ఞుల ఆంక్షగా కాక ఊరి రాబడిని కాపాడే కట్టుబాటుగా అమలవుతోంది. యాత్రికుడి కన్ను చీకటికి అలవాటు పడకపోతే ఆకాశం ఎంత చీకటిగా ఉన్నా అతనికి కనిపించేది అంతంతమాత్రమే. డబ్బులిచ్చి నిరాశతో తిరిగి వెళతాడు.

మహారాష్ట్రలోని పెంచ్ పులుల రక్షిత ప్రాంతం కూడా ఇదే బాట పట్టింది. పరిసర గ్రామాల్లో వందకు పైగా దీపాలను మార్చి, 2024 జనవరిలో అంతర్జాతీయ చీకటి ఆకాశ పార్కుగా గుర్తింపు పొందింది.

అయితే హాన్లేకు ఇబ్బంది అంతా దాని ఖ్యాతితోనే వస్తోంది. సరిహద్దు రహదారుల సంస్థ 19,024 అడుగుల ఎత్తున ఉమ్లింగ్ లా మీదుగా వేసిన రహదారి, వాహనాలు నడిచే దారుల్లో ప్రపంచంలోనే ఎత్తైనదిగా 2021లో గిన్నిస్ రికార్డుకెక్కింది. అక్కడికి వెళ్ళే కార్లు, మోటార్ సైకిళ్ళు హాన్లే మీదుగానే సాగుతాయి. చీకటి పడ్డాక ఊరు చేరే బృందాలు కొండమలుపుల్లో హెడ్‌లైట్లు పూర్తిగా వేసుకుని వస్తాయి. వారిని తప్పు పట్టడమూ కష్టమే. తెలియని కొండదారిలో వెలుగు తగ్గించుకోమంటే ఎవరికైనా భయం వేస్తుంది. అందుకే చీకటి పడకముందే హాన్లే చేరుకోవాలని యాత్రికులకు స్థానికులు సలహా ఇస్తున్నారు. మరీ ఆలస్యమైతే ఊరి పొలిమేరలో డిమ్ చేసుకుని నెమ్మదిగా రావాలి. బండి దిగాక సెల్‌ఫోన్ టార్చి వెలిగించకుండా ఓ అరగంట నిలబడగలిగితే, ఆ తర్వాత దారి చూపడానికి పాలపుంత వెలుగే చాలునని అక్కడివారు చెబుతారు.